కాలేయమును, రక్తపు పోటును

రక్తపు పోటు అనగానే మనకు గుండెయు, ఉప్పును, మూత్రపిండములును స్ఫురించును. కాలేయమును తలచువారు అరుదు. ఈ మరపునకు ఒక చరిత్ర కలదు. దానినే నేడు శ్రోతలకు విన్నవింపదలచితిని.

1898లో స్టాక్‌హోము నగరమందలి కరోలిన్‌స్కా సంస్థలో టిగర్‌స్టెట్టు అను ఫిన్లండు దేశీయుడు, తన శిష్యుడగు బెర్గుమనుతో గూడి, కుందేళ్ల మూత్రపిండముల నుండి తీసిన రసమును వేరు కుందేళ్ల సిరలలోని కెక్కించెను. పోటు హెచ్చెను. అందలి పదార్థమునకు రెనిన్ అని పేరిడిరి. పిమ్మట ముప్పదియేండ్లకు పైగా దానిని పట్టించుకొన్నవారు లేరనియే చెప్పవచ్చును. 1934లో అమెరికాలోని క్లీవ్‌లాండులో గోల్డ్‌బ్లాటు శునకముల మూత్రపిండ ధమనిని బిగించి పోటు హెచ్చించి చూపగా, రెనిన్ మరల జ్ఞప్తికి వచ్చెను. నేరమంతయు మూత్రపిండముపై బడెను.

1940 ప్రాంతమున బ్వేనస్ ఐరిస్‌లో బ్రౌన్ మెనెండెజు మొదలగువారును, అమెరికాలోని ఇండియానాపొలిసులో పేజి, హెల్మరు అనువారును, వేరువేరుగా ఒక్క సత్యమునే కనుగొనిరి. రెనిన్ తానై రక్తనాళములను ముడువదు. అది కత్తెర వంటిది. రక్తములో తిరుగు ఒక పెద్ద మాంసకృత్తును కత్తిరించును. ఆ తునుక నుండి పుట్టినదే నాళములను ముడుచును. అర్జెంటీనావారు దానిని హైపర్‌టెన్సిన్ అనిరి, అమెరికావారు ఆంజియోటోనిన్ అనిరి. ఎవరి పేరు వారిదిగా 18 ఏండ్లు గడచినవి. తుదకు 1958లో రెండు పేళ్లను చెరిసగము కలిపి ఆంజియోటెన్సిన్ అని రాజీపడిరి. మన పల్లెలలో గట్టు తగవులు ఇంత సొగసుగా తీరుట నేను చూడలేదు.

మరి కత్తెరకు గుడ్డ ఎక్కడిది? కాలేయము తొలగించిన శునకముల రక్తమున ఆ మాంసకృత్తు తరిగిపోవుట ఆ దశకములోనే తేలెను. గుడ్డ నేయునది కాలేయము!

ఇంతమాత్రమున, కాలేయశుద్ధి పేర అమ్మబడు సీసామందులు పోటు తగ్గించునని తలపరాదు. నన్నీ ప్రశ్న అడుగువారు పెక్కురు. కాలేయము గట్టిపడి చెడినవారిలో రక్తనాళములు వదులై, చేతిపోటు తరచు పడిపోవును. వారిలో హెచ్చునది ప్రేవుల నుండి కాలేయమునకు రక్తము తెచ్చు ద్వారసిరలోని పోటు. దండకు చుట్టు పట్టీకి అది అందదు. చేతిపోటు సరిగా నున్నదని ఇంటివారు నిశ్చింతగా నుండగనే, అన్ననాళములో ఉబ్బిన సిర పగిలి నెత్తురు వాంతియగుట కలదు. ఈ రెండు పోట్లను ఒకటిగా నెంచుట ప్రాణాపాయము. కొవ్వు పట్టిన కాలేయము గలవారి సంగతి వేరు. స్థూలకాయమును, మధుమేహమును తోడుగా నుండుటచే వారికి చేతిపోటు కూడ హెచ్చుట తరచు.

1981లో అమెరికాలో అనుమతి పొందిన కాప్టోప్రిల్ మొదలు, పెక్కు మందులు కత్తిరింపు జరిగిన పిమ్మటి మెట్టునే అడ్డగించుచు వచ్చినవి. ఇటీవల మగ్గమునే నెమ్మదింపజేయు యత్నము మొదలైనది. కాలేయ కణములలో ఆ మాంసకృత్తు తయారగుటను తగ్గించు సూదిమందొకటి కలదు. 2023లో వెలువడిన తొలి పరీక్షాఫలితములలో, తగు మోతాదున ఒక్కమారు పొడిచినందుకే పోటు 24 వారముల వరకు తగ్గియుండెను.