ఆనకట్ట, జొన్న, మోకాలు

సాంకేతిక విజ్ఞానానికి వర్గం లేదనీ, కత్తి కూర తరగడానికీ గొంతు కోయడానికీ ఒకటేననీ మన రచయితల్లో చాలామంది వాదిస్తారు. ఈ వాదాన్ని పరీక్షించడానికి పాశ్చాత్య తత్వవేత్తల దాకా పోనక్కరలేదు. ఉస్మానియా ఆవరణ పక్కన, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ చరిత్రలో ఒక్క అధ్యాయం చాలు.

1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనతో మొదలై 1958లో హైదరాబాదు చేరిన సంస్థ అది. దాని పరిశోధకులు కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో ఒక కొత్త వైకల్యాన్ని వర్ణించారు. ఫ్లోరైడు ప్రాంతాల్లో ఎదిగే పిల్లల మోకాళ్ళు లోపలికి వంగిపోతున్నాయి.

ఫ్లోరైడు కొత్తది కాదు. నాటి నెల్లూరు జిల్లా పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో 1937లోనే వైద్యులు దాన్ని గుర్తించారు. నల్లగొండ గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ రాసింది. అదే ఏడాది డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్ళు వదిలింది.

మరి పాత విషం కొత్త రూపం ఎందుకు దాల్చింది? పరిశోధకులు ప్రతిపాదించిన కార్యకారణ సంబంధం ఇది: జలాశయం వల్ల భూగర్భజలం పైకొచ్చింది, నేలలో క్షారం పెరిగింది, ఆ నేలలో పండిన జొన్నలో మాలిబ్డినం పెరిగింది, అది ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపేసింది, రాగి చాలని ఎముకను ఫ్లోరైడు సులువుగా వంచింది. వైకల్యం జొన్న తినే ఇళ్ళలోనే ఎక్కువ. జొన్న ఎవరి తిండి? వరన్నం కొనలేని మెట్ట రైతుది, కూలివాడిది. ఒకే ఆనకట్ట ఒకరి పొలంలో వరి అయింది, మరొకరి బిడ్డ కాలిలో వంకర అయింది. (సాగర్ మీద నేను చదివిన పద్యాల్లో నీళ్ళకు కొదవలేదు; జొన్నగింజ మాత్రం కనపడలేదు.)

ఆనకట్టను శపించేవారితోనూ నాకు పేచీ ఉంది. లక్షల ఎకరాలు తడిపిన నీటిని కాదనగలిగేది కరువు ఎరగనివాడే. తప్పు కాంక్రీటుది కాదు. పొలానికి లెక్క వేసి, తాగే కుండకు లెక్క వేయని ప్రణాళికది.

తర్వాత నాగపూర్ పరిశోధకులు పటిక, సున్నంతో ఫ్లోరైడు తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టారు. పద్ధతి చవకైనదే. కానీ కొలత తప్పకుండా రోజూ కలిపి, తేర్చి, అడుగు మడ్డి పారబోసే పని నీళ్ళు మోసేవారి నెత్తినే పడింది. అక్కడక్కడ కొన్ని ఊళ్ళకు ముందే కృష్ణ నీళ్ళు అందినా, ఇంటింటికీ కుళాయి అన్న మిషన్ భగీరథ మొదలైంది 2016లో. సాగర్ కాలువ పారి అప్పటికి 49 ఏళ్ళు.