మైక్రోవేవ్ ఒవెన్ మరమ్మతు

చెడిపోయిన మైక్రోవేవ్ ఒవెన్ ఏ పని చేస్తోందో, ఏది మానేసిందో గమనిస్తే లోపం సగం దొరికినట్టే. లైటు కూడా వెలగకపోతే కరెంటు లోపలికి అందడం లేదు. అప్పుడు ముందు చూడాల్సింది ప్లగ్గు, సాకెట్టు. లైటు వెలిగి, పళ్లెం తిరిగి, కూర మాత్రం చల్లగానే ఉంటే అందిన కరెంటు తరంగాలుగా మారడం లేదన్నమాట. ఇంట్లో చేసుకోదగ్గ మరమ్మతులు దాదాపు అన్నీ బయటి డబ్బా మరలు విప్పకుండానే అవుతాయి. విప్పాల్సివస్తే పని మెకానిక్‌ది.

ఈ హద్దు ఊరికే పెట్టింది కాదు. సాధారణ ఒవెన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులను సుమారు 2,000కు పెంచుతుంది. కెపాసిటర్, డయోడ్ కలిసి దాన్ని 4,000 దాకా తీసుకెళ్లి మాగ్నెట్రాన్‌కు ఇస్తాయి. అక్కడ 2,450 మెగాహెర్ట్జ్ తరంగాలు పుడతాయి. మాగ్నెట్రాన్ మొదట రాడార్ పరికరం. 1945లో దాని దగ్గర పనిచేస్తున్న అమెరికన్ ఇంజినీరు పెర్సీ స్పెన్సర్ జేబులోని మిఠాయి కరగడంతో వంటింటి దారి పట్టింది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. మిక్సీలు, ఫ్యాన్లు విప్పిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు.

సరిగా వేడెక్కడం లేదన్న అనుమానాన్ని నీళ్లతో తేల్చుకోవచ్చు. గాజు గిన్నెలో లీటరు నీళ్లు పోసి, థర్మామీటరుతో చూసి, ఫుల్ పవర్‌లో ఒక నిమిషం పెట్టాలి. తీసి, కలిపి, మళ్లీ చూడాలి. పెరిగిన సెల్సియస్ డిగ్రీలను 70తో గుణిస్తే ఒవెన్ ఇస్తున్న శక్తి వాట్లలో వస్తుంది: 10 డిగ్రీలు పెరిగితే దాదాపు 700. లో వోల్టేజీ వేళల్లో చేస్తే మంచి ఒవెన్ కూడా తక్కువే చూపిస్తుంది.

లోపల నిప్పురవ్వలు లేస్తే చాలామంది మాగ్నెట్రాన్ పోయిందనుకుంటారు. ఎక్కువసార్లు దోషం మైకా రేకుది. లోపలి గోడకు, సాధారణంగా కుడివైపు, అట్టముక్కలా కనిపించే ఈ రేకు తరంగాలు వచ్చే దారికి మూత. నెల్లూరు సీమలో గూడూరు గనులకు పేరు తెచ్చిన అభ్రకంతోనే ఇలాంటి రేకులు చేస్తారు. కూర చిమ్మి, నూనె అంటి, ఆ మరక మాడి బొగ్గయిన చోట రవ్వలు పుడతాయి. ప్లగ్గు తీసి, పాత రేకును పైన పెట్టి గీసుకుని, కొత్త మైకా షీటును కత్తెరతో అదే కొలతకు కత్తిరించి బిగిస్తే సరి. జరీ అంచు పింగాణీ పళ్లేలు, మరిచిపోయిన స్టీలు చెంచా కూడా రవ్వలకు కారణమే.

పళ్లెం తిరగకపోతే ముందు కింది చక్రాల రింగులో ఇరుక్కున్న మెతుకులు తీయాలి, నడిమి ప్లాస్టిక్ బొడిపె అరిగిందేమో చూడాలి. ఒకసారి కుడికి, ఇంకోసారి ఎడమకు తిరగడం మాత్రం లోపం కాదు. చాలా ఒవెన్లలోని మోటారు స్వభావమే అంత.

తలుపు సంగతి వేరు. దాని గొళ్లెం వెనక సాధారణంగా మూడు చిన్న స్విచ్‌లుంటాయి. తలుపు తీయగానే రెండు కరెంటు దారిని తెంచుతాయి. అతుక్కుపోయి తెంచలేకపోతే మూడోది కావాలనే షార్టు చేసి ఫ్యూజు పోగొడుతుంది. తలుపు తీసినప్పుడల్లా ఫ్యూజు పోతోందంటే అనుమానించాల్సింది ఈ స్విచ్‌లనే. ఫ్యూజు స్థానంలో తీగ చుట్టే పాత అలవాటు ఇక్కడ ఆ కాపలాను తీసేయడమే.

వేడి రాకుండా ‘గుంయ్’మని మోత పెరిగితే డయోడ్, కెపాసిటర్, మాగ్నెట్రాన్లలో ఏదో ఒకటి షార్టయి ఉండవచ్చు. మామూలు మల్టీమీటరు మంచి డయోడ్‌ను కూడా పోయినట్టే చూపిస్తుంది. దాన్ని తెరిపించేంత వోల్టేజీ మీటరులో ఉండదు. ఏ మరమ్మతులోనైనా తలుపు విప్పి బిగించాక, తరంగాలు బయటికి వస్తున్నాయేమో లీకేజీ మీటరుతో కొలవాలి. 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదన్నది అమెరికా నియమం. ఒవెన్‌లో సెల్‌ఫోన్ పెట్టి రింగయిందా లేదా అని చూడటం ఆ పరీక్షకు బదులు కాదు.