రోబో గానం

మనిషి రూపంలోని రోబో కృత్రిమ స్వరంతో పాడడాన్ని రోబో గానం అంటారు. రికార్డు చేసిన పాటకు పెదవులు కదిపితే అది గానం కాదు. సాహిత్యం, స్వరాలు అందిస్తే గొంతును యంత్రమే పుట్టించాలి, అక్షరం అక్షరానికీ నోరు కలవాలి.

తోలుతిత్తి గాలితో మాట్లాడే యంత్రం గురించి వోల్ఫ్‌గాంగ్ వాన్ కెంపెలెన్ 1791లోనే పుస్తకం రాశాడు. 1961లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో జాన్ కెల్లీ, కెరోల్ లోక్‌బామ్ కంప్యూటర్ చేత ‘డైసీ బెల్’ పాడించారు. మాక్స్ మాథ్యూస్ వాద్య సహకారాన్నీ కంప్యూటర్‌తోనే సమకూర్చాడు.

రోబోకు పాట అబ్బింది జపాన్‌లో. 2002లో సోనీ ప్రదర్శించిన 58 సెంటీమీటర్ల ఎస్‌డీఆర్-4ఎక్స్ పాడగలిగేది. 2004లో యమహా వారి వోకలాయిడ్ సాఫ్ట్‌వేర్ మార్కెట్లోకి వచ్చింది. గాయకుల గొంతులోని ధ్వని ముక్కలను శ్రుతికి తగ్గట్టు అతికించడం దాని పద్ధతి. 2009 మార్చిలో ఏఐఎస్‌టీ సంస్థ హెచ్‌ఆర్‌పీ-4సీ అనే స్త్రీ రూప రోబోను ఆవిష్కరించింది. ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 43 కిలోలు, ముఖంలోనే 8 మోటార్లు. ఆ అక్టోబరులోనే సీయాటెక్ ప్రదర్శనలో అది వోకలాయిడ్ గొంతుతో పాడింది. మరుసటి ఏడాది జరిగిన పని ఇంకా గొప్పది. టోమోయాసు నకానో, మసటక గోటో రూపొందించిన వోకలిసనర్ అనే సాఫ్ట్‌వేర్ ఒక గాయని పాట విని, శ్రుతినీ స్వరం హెచ్చుతగ్గులనూ అంచనా వేసి, కృత్రిమ స్వరం ఆమె పాటకు దగ్గరయ్యేవరకు లెక్కలను మళ్లీ మళ్లీ సవరించేది. వోకవాచర్ అనే మరో సాఫ్ట్‌వేర్ ఆమె వీడియో చూసి నోరు, కళ్లు, మెడ కదలికలను ఆ రోబోకు అందించేది. గాత్రం, ముఖం రెండూ ఒకే మనిషి నుంచి నేర్చుకోవడం వల్లే ఆ పాటకు జీవం వచ్చింది.

తెలుగునాట కృషి ఎక్కువగా మాట వైపే సాగింది. 2012లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తెలుగుతో సహా 7 భారతీయ భాషల స్వర నమూనాలను పరిశోధకులకు అందించింది. పాటకు మాట నమూనాలు చాలవు. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు నాటక పద్యం విన్నవారికి తెలుసు: చివరి అచ్చు మీద రాగం సాగుతున్నప్పుడు స్వరం ఒకచోట నిలవదు, గమకంతో ఊగుతుంది. విడివిడి స్వరాలుగా రాసిస్తే యంత్రానికి ఆ ఊగు చిక్కదు. హైదరాబాద్‌కు వచ్చిన రోబో పాట కూడా తెలుగుది కాదు: 2018 ఫిబ్రవరిలో అక్కడి ప్రపంచ ఐటీ మహాసభలో మాట్లాడిన సోఫియా రోబో ఆ ఏడాదే అమెరికన్ టీవీలో జిమ్మీ ఫాలన్‌తో యుగళగీతం పాడింది, ఇంగ్లిషులో.

రోబోకు తెలుగు పాట నేర్పాలంటే ముందు ఒక గాయకుడి గొంతు కావాలి. అది ఎవరి అనుమతితో అన్న ప్రశ్న సినిమాలోనే మొదలైంది. తెలుగు చిత్రం ‘కీడా కోలా’ (2023)లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతును అనుమతి లేకుండా ఏఐతో పునఃసృష్టించారంటూ ఆయన కుటుంబం నోటీసు పంపింది. 2024లో తమిళ ‘లాల్ సలామ్’ కోసం ఇద్దరు దివంగత గాయకుల గొంతులను వాడిన ఏఆర్ రెహమాన్, వారి కుటుంబాల అనుమతి తీసుకుని పారితోషికం చెల్లించినట్టు ప్రకటించారు.