పాటల లెక్క

అచ్చులో కనబడిన అంకెను మనము సులభముగా నమ్ముదుము. అది విజ్ఞాన సర్వస్వమువంటి గ్రంథములో నున్నచో సందేహింపనే సందేహింపము. కాని దానిని ఎవరు, ఎట్లు లెక్కించిరని అడుగుట పాఠకుని ధర్మము.

1974లో గిన్నిస్ గ్రంథము, లతా మంగేష్కర్ 1948 మొదలు 20 భారతీయ భాషలలో 25,000కు తక్కువగాని పాటలు రికార్డు చేసిరని ప్రకటించెను. మహమ్మద్ రఫీ తమ పాటలే అధికమని అభ్యంతరము తెలుపుచు లేఖలు వ్రాసిరి. 1980లో ఆయన కీర్తిశేషులైరి; వివాదము నిలిచెను. 1991లో ఆ పద్దును గ్రంథమునుండి తొలగించిరి.

ఇరువురి పాటలకును సరియైన జాబితా లేకపోవుటయే చిక్కు. కాన్పూరు వాసి హర్‌మందిర్ సింగ్ ‘హమ్‌రాజ్’ సినిమా పాటల పుస్తకములను, గ్రామఫోను రికార్డులను వెదకి, 1931 మొదలు హిందీ చిత్రగీతములను దశాబ్దముల వారీగా సంపుటములుగా కూర్చిరి. ఇట్టి పరిశోధకుల లెక్కలో హిందీ చిత్రగీతములు లతకు సుమారు 5,000, రఫీకి సుమారు 4,500 మాత్రమే తేలినవి. ఇతర భాషల పాటలు కలిపినను పాత అంకెలు బహుదూరము.

2016లో మన విజయనగరపు ఆడపడుచు పి. సుశీలకు అదే గ్రంథము గుర్తించిన పాటలు 17,695. పాటపాటకును పేరు వ్రాసికొననిదే ఒకట్ల స్థానము వరకు లెక్క తేలదు.

అంకె తగ్గినంత మాత్రమున గానమాధుర్యము తగ్గదు. లేని అంకె చేర్చిన గ్రంథమునకే గౌరవము తగ్గును. కావున మీ అటకమీది పాత పాటల పుస్తకమును చిత్తుకాగితములక్రింద అమ్మక గ్రంథాలయమున కిండు. రేపటి చరిత్రకారునికి అదియే సాక్ష్యము.