మెట్లు దిగేంత వ్యవధి

అమెరికాలో కాన్సస్ రాష్ట్ర రాజధాని టొపీకా. అది షానీ కౌంటీలో ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే, కాకపోతే చిన్నది. టొపీకాకు నైరుతిలో ఒక గుట్ట ఉంది, బర్నెట్స్ మౌండ్ అంటారు. పోటవాటమీ తెగ నాయకుడు ఏబ్రమ్ బర్నెట్ పేరు మీద వచ్చిన పేరది. ఆ గుట్ట ఉన్నంతకాలం ఊరి మీదికి టోర్నడో రాదని టొపీకా జనం గట్టిగా నమ్మేవారు. ఆదివాసీల సమాధుల మహిమని కొందరు, గుట్ట గాలిని చీల్చేస్తుందని కొందరు చెప్పేవారు. మన ఊళ్లలో పొలిమేర దేవత మీద ఉండే భరోసా లాంటిదే ఇది. 1966 జూన్ 8 సాయంత్రం ఏడు దాటాక టోర్నడో సరిగ్గా ఆ గుట్ట మీదుగానే ఊళ్లోకి దిగింది.

సుడిగాలి అనగానే మనకు ఎండాకాలం కళ్లంలో దుమ్మునీ ఎండుటాకులనీ లేపి, నాలుగడుగులు పోయి చల్లారిపోయేది గుర్తొస్తుంది. ఇది ఆ రకం కాదు. అందుకే టోర్నడో అనే రాస్తున్నాను. కాన్సస్ రైతులు మాత్రం చాలాకాలం దీన్ని సైక్లోన్ అన్నారు. ఆ మాట పుట్టింది కలకత్తాలో. బంగాళాఖాతం తుఫానుల మీద పరిశోధన చేసిన హెన్రీ పిడింగ్టన్ 1840లలో దాన్ని పుట్టించాడు. ఆయన పరిశీలించిన తుఫానుల్లో 1839 నవంబరులో మన కోరింగను ముంచినదీ ఒకటి. సముద్రపు తుఫాను కోసం పుట్టిన మాట సముద్రమే లేని కాన్సస్ చేరి, ఇంటి వెనక గోతికి కూడా అతుక్కుంది. ఆ గోతిని 'సైక్లోన్ సెల్లార్' అన్నారు.

ఆ గొయ్యి గురించి కాస్త చెప్పాలి. వంటింటి గుమ్మానికి నాలుగడుగుల్లో నేల తవ్వి, గోడలకు రాయో ఇటుకో పేర్చి, పైన మట్టి దిబ్బలా కప్పేవారు. గాలికి ఎదురు నిలవకుండా తలుపు వాలుగా, దాదాపు నేలకు ఆనుకుని ఉండేది. రాయలసీమలో జొన్నల పాతర ఎరిగినవాళ్లకు దీన్ని ఊహించుకోవడం కష్టం కాదు. లోపల చెక్క అరల మీద గాజు సీసాల్లో పండ్లు, చిక్కుళ్లు, ఊరగాయ దోసకాయలు. మూలన బంగాళాదుంపల కుప్ప, మేకుకు లాంతరు. ఏడాది పొడుగునా అది ఇల్లాలి కూరగాయల గది. మబ్బు పచ్చబడిన ఏ ఒకటి రెండు సాయంత్రాలో ఇంటిల్లిపాదీ అందులోకి దిగేవారు. సన్నాహాల గురించి తర్వాత ఎన్ని కరపత్రాలు వచ్చినా ఇంతకు మించిన ఏర్పాటు రాలేదని నా అభిప్రాయం. రోజూ వాడే చోటుకు దారి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. 1900లో వచ్చిన 'విజర్డ్ ఆఫ్ ఆజ్' కథ మొదట్లోనే ఈ గొయ్యి కనబడుతుంది. డొరొతీ అందులోకి దిగడం ఆలస్యమైంది కాబట్టే కథ నడిచింది.

అంటే గొయ్యి మొదటినుంచీ ఉంది. లేనిదల్లా కబురు. దిగాల్సిన వేళ ఇదని చెప్పేదెవరు? సైన్యం సిగ్నల్ కోర్‌లో జాన్ ఫిన్లీ అనే ఉద్యోగి 1879 మే నెలాఖరులో కాన్సస్, చుట్టుపక్కల రాష్ట్రాలను చితగ్గొట్టిన టోర్నడోల జాడ వెంట తిరిగి నివేదిక రాశాడు. 1884లో ప్రయోగాత్మకంగా ముందస్తు అంచనాలు కూడా కట్టాడు. పైవాళ్లకు అది నచ్చలేదు. టోర్నడో అనే మాట వింటేనే జనం బెదిరిపోతారని 1880లలోనే వాతావరణ సూచనల్లో ఆ మాట వాడకుండా చేశారు. 1938 దాకా అదే నియమం, ఆ తర్వాతా అదే అలవాటు. అర్ధ శతాబ్దం పాటు గాలి వచ్చింది, మాట మాత్రం రాలేదు.

ఆ మౌనం సైన్యం చేతిలోనే బద్దలైంది. 1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరాన్ని టోర్నడో కొట్టింది. అక్కడి వాతావరణ అధికారులు ఫాబుష్, మిల్లర్ పాత పటాలు ముందేసుకుని లెక్కలు కట్టారు. అయిదో రోజున మళ్లీ వస్తుందన్నారు. అదే స్థావరానికే వచ్చింది! అంత గట్టి రుజువు చూశాక కూడా ప్రభుత్వ వాతావరణ శాఖ అయిన వెదర్ బ్యూరో తన కార్యాలయాలకు ఆ మాట అనే స్వేచ్ఛనిచ్చింది 1950లోనే.

ఇంతలో టొపీకాను ముందు ముంచింది గాలి కాదు, నీరు. 1903లో ఒకసారి ఉత్తర టొపీకాను ముంచిన కాన్సస్ నది 1951 జులైలో అంతకు మించి పొంగింది. జులై 13 శుక్రవారాన్ని అక్కడివాళ్లు ఇప్పటికీ నల్ల శుక్రవారం అంటారు. వరద తగ్గాక జరిగింది గమనించదగ్గది. నీటి నుంచి కాపాడే పని ఇంటి చేతిలోంచి ప్రభుత్వం చేతికి వెళ్లిపోయింది. కరకట్టలు ఎత్తయ్యాయి. ఎగువన బిగ్ బ్లూ నది మీద టటిల్ క్రీక్ ఆనకట్ట 1962కు పూర్తయింది. మునిగేది మా ఊళ్లు, బాగుపడేది కింది నగరాలా అని ఆ లోయ రైతులు పోరాడారు. శ్రీశైలం ముంపు గ్రామాల సంగతి తెలిసిన మనకు ఆ గొంతు కొత్తేమీ కాదు. పోరాటం ఓడింది, ఊళ్లు పోయాయి. గాలికి మాత్రం కరకట్ట కట్టలేరు. అది ఇంటివాళ్లకే మిగిలింది. బీమాలోనూ అదే తేడా. మామూలు ఇంటి బీమా గాలి నష్టానికి డబ్బు ఇస్తుంది, వరదకు ఇవ్వదు. దానికోసం 1968లో సర్కారే వేరే పథకం పెట్టాల్సి వచ్చింది.

1955 మే 25 రాత్రి పదిన్నర దాటాక దక్షిణ కాన్సస్‌లో యూడాల్ అనే చిన్న ఊరు నిద్రలోనే పోయింది. దాదాపు 80 మంది చనిపోయారు. ఆ దెబ్బ చూసి టొపీకా వాతావరణ కార్యాలయం అధిపతి రిచర్డ్ గారెట్ ఊరి చుట్టూ మనుషుల్ని నిలిపే ఏర్పాటు చేశాడు. మబ్బు పట్టినప్పుడల్లా వీళ్లు గుట్టల మీదా రోడ్ల మీదా కాపు కాసి, రేడియోలో కబురు చెబుతారు. ఊళ్లో సైరన్లు కూడా ఉన్నాయి. రష్యా బాంబులకు బెదిరి పెట్టుకున్నవి గాలివానకు పనికొచ్చాయి.

1966 జూన్ 8న ఇదంతా పరీక్షకు వచ్చింది. సైరన్లు మోగాయి. డబ్ల్యుఐబిడబ్ల్యు టీవీ స్టూడియోలో బిల్ కర్టిస్ అనే యువకుడు మైకు ముందున్నాడు. వాష్‌బర్న్ విశ్వవిద్యాలయంలో లా చదివి, వార్తలు చదివే పని చేస్తున్నవాడు. గుట్ట దగ్గర ఒక అపార్ట్‌మెంట్ల సముదాయం తుడిచిపెట్టుకుపోయిందని బయట ఉన్న కెమెరామన్ రేడియోలో చెప్పాడు. జనం కదిలేలా ఇప్పుడేం చెప్పాలి? కర్టిస్ అన్న మాటను తెలుగులో చెప్పాలంటే, "మీకు పుణ్యముంటుంది, దాక్కోండి" అన్నట్టు. వాతావరణ ప్రకటనలో అలాంటి మాట అంతకుముందు వినలేదు కాబట్టే జనం లేచి ఇళ్ల కింది నేలమాళిగల మెట్లు దిగారు. టోర్నడో నైరుతి నుంచి ఈశాన్యానికి ఊరిని ఐమూలగా కోసుకుంటూ పోయింది. వాష్‌బర్న్ భవనాలు కూలాయి, శాసనసభ గోపురం రాగి రేకులు దెబ్బతిన్నాయి. సుమారు 800 ఇళ్లు నేలమట్టం, నష్టం పది కోట్ల డాలర్లు. చనిపోయింది 16 మంది. లక్షా ఇరవై వేల జనాభా ఉన్న ఊళ్లో, అత్యంత తీవ్రమైన తరగతి టోర్నడో నడిబొడ్డున నడిస్తే 16.

అసలు విశేషం శిథిలాల్లో బయటపడింది. అప్పటిదాకా ప్రతి ఇంట్లో పిల్లలకు నేర్పింది ఒకటే: నేలమాళిగలో నైరుతి మూలకు పొండి. గాలి నైరుతి నుంచి వస్తుంది కాబట్టి చెత్తంతా ఈశాన్యానికి ఎగిరిపోతుంది, నైరుతి ఖాళీగా ఉంటుంది అని తర్కం. వినడానికి బాగానే ఉంది. కాన్సస్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు జో ఈగిల్‌మన్ టొపీకాలో పడిపోయిన ఇళ్లు ఒక్కొక్కటీ చూసి లెక్క తీస్తే తేలింది వేరు. నైరుతి భాగమే అన్నిటికన్నా ప్రమాదకరం, గోడలు కూలి పడింది అక్కడే. ఈశాన్యం నయం. మన వాస్తు పండితులు బరువంతా నైరుతిలో పెట్టమంటారు. టోర్నడో ఆ మాట అక్షరాలా పాటించినట్టుంది. కిటికీలు తెరిస్తే ఒత్తిడి సమమై ఇల్లు నిలబడుతుందన్న సలహా కూడా తర్వాత వీగిపోయింది. తెరిస్తే లోపలికి వచ్చేది గాలే.

తప్పుడు నమ్మకాలు పాతకాలానివే అనుకుంటే పొరపాటు. 1991 ఏప్రిల్ 26న కాన్సస్ హైవే మీద ఒక టీవీ బృందం వంతెన కింద దాక్కుని బతికి, ఆ దృశ్యం చిత్రీకరించింది. దేశమంతా చూసి వంతెన కింద క్షేమమనుకుంది. 1999 మే 3న ఓక్లహోమాలో అలా వంతెనల కింద చేరిన ముగ్గురు చనిపోయారు.

అదే 1991 సాయంత్రం విచిటా పక్కన ఆండోవర్‌లో సైరన్ మోగలేదు. ఒక మొబైల్ ఇళ్ల కాలనీలోనే 13 మంది పోయారు. చక్రాల మీద వచ్చి ఇటుకల మీద కూర్చునే రేకు ఇళ్లకు నేలమాళిగ ఉండదు. వ్యవధి ఎంత ఇచ్చినా దిగడానికి మెట్లు లేనివాళ్లు వీళ్లు. సన్నాహం గురించి కౌంటీ పంచే కరపత్రాలన్నీ ఇంటికి మెట్లున్నాయనే లెక్కతో రాసినట్టుంటాయి. 2022 ఏప్రిల్ 29న అదే ఆండోవర్ మీదికి మళ్లీ టోర్నడో వచ్చింది. వెయ్యికి పైగా కట్టడాలు దెబ్బతిన్నా ఊళ్లో ఒక్కరూ చనిపోలేదు.

ఈ రెంటి మధ్యలో డాప్లర్ రాడార్లు వచ్చాయి, తర్వాత ఫోన్లు హెచ్చరికతో అదరడం మొదలైంది. 2007 అక్టోబరు దాకా హెచ్చరిక ఇస్తే కౌంటీ మొత్తానికి ఇచ్చేవారు. అప్పటినుంచి మబ్బు నడిచే దారి వరకే గీత గీస్తున్నారు. అయినా పది హెచ్చరికల్లో ఏడు దాకా ఉత్తవే అవుతాయి. సైరన్ మోగితే వాకిట్లోకి వచ్చి ఆకాశం చూసే అలవాటు కాన్సస్ మగవాళ్లకు పోలేదని అక్కడ అందరూ చెప్పుకునే జోకు.

నేలమాళిగ లేని ఇళ్లలో స్నానాల గదినో అరనో కాంక్రీటుతో, ఉక్కు తలుపుతో కట్టుకునే సేఫ్ రూమ్ నమూనాలను 1998 నుంచి ఫెడరల్ విపత్తు సంస్థ ఇస్తోంది. నేలమాళిగ ఉన్నవాళ్ల ఇళ్లలో పాత సెల్లార్ అరలు పోయాయి. ఇప్పుడు మెట్ల కింద ఒక డబ్బా ఉంటుంది. నీళ్ల సీసాలు, టార్చి, బ్యాటరీ రేడియో, మందులు, బీమా కాగితాలు, పిల్లల సైకిల్ హెల్మెట్లు. వాటి పక్కన మనిషికో జత పాత బూట్లు. గాలి పోయాక పైకి ఎక్కితే మెట్ల నిండా గాజు పెంకులు, మేకులు ఉంటాయి.