దారిబత్తెం కట్టుకొనే కొండతేనెటీగ



వలసపురుగు అనగానే మనకు మిడతల దండే గుర్తుకు వస్తుంది. 2020లో ఆ దండు మహారాష్ట్ర దాకా వచ్చేసరికి మన సరిహద్దు జిల్లాలు ఉలిక్కిపడ్డవి. అయితే మనకు మేలుచేసే వలసపురుగు కూడా ఒకటున్నది. అది అమ్రాబాద్ అడవుల్లో తుట్టె కట్టే కొండతేనెటీగ. దాని కథ ఈవేళ చెప్పుకుందాం.

నల్లమలలో కృష్ణకు ఉత్తరాన ఉన్న ఎత్తైన నేల అమ్రాబాద్. 1940లో ఆస్ట్రియా దేశపు పండితుడు హైమెన్‌డార్ఫ్ ఇక్కడి చెంచుల నడుమ ఉండి, వారి బ్రతుకును గురించి 1943లో ఒక గ్రంథం ప్రకటించినాడు. తాడు పట్టుకొని కొండచరియ మీదినుంచి దిగి తేనె తీయడం ఆ చెంచుల పాతవిద్య.

ఈ ఈగ ఏడాది పొడుగునా ఒకచోట ఉండదు. ఎందుకని? తిండి కోసం. పుప్పొడి దాని పిల్లపురుగులకు పప్పువంటిది. మాంసకృత్తులు, కొవ్వు అందులోనే ఉంటవి. మకరందం అన్నంవంటిది, ఎగరడానికి బలం ఆ చక్కెరదే. పూత సన్నగిల్లితే పుప్పొడి తగ్గుతుంది. రాణి గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. అప్పుడు ఈగలు నాట్యం చేసి ఒకదానికొకటి దిక్కు చెప్పుకుంటవి. తుట్టెలోని తేనె కడుపునిండా తాగి, ఖాళీ తుట్టె వదిలి బయలుదేరుతవి. నూరు, రెండునూర్ల కిలోమీటర్లు పోయే గుంపులు కూడా ఉన్నవి. ఆ తేనే వాటి దారిబత్తెం.

మరి తిరిగి వస్తవా? వస్తవి. అస్సాంలో శాస్త్రజ్ఞులు జన్యుపరీక్ష చేసి చూడగా, వలసపోయిన రాణి మళ్ళీ తన పాత తావుకే చేరినట్లు తేలింది. ఈ సంగతి 2000లో 'నేచర్' పత్రికలో వచ్చింది.

1983లో ఏర్పడిన నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం నుంచి 2015లో అమ్రాబాద్ వేరుపడ్డది. పులికి హద్దు గీసినాము గాని, ఈగకు హద్దు లేదు. అడవిలో పూత అయిపోతే అది మన చేనికి వస్తుంది. పొద్దుతిరుగుడు పువ్వులో గింజ నిండుగా కట్టడానికి దాని సాయం చాలా ఉన్నది. అది మేతకు వచ్చిన పువ్వు మీదనే మనం మందు చల్లితే, తిరుగు ప్రయాణం ఇక ఎక్కడిది?

కనుక రెండు మాటలు మనసులో ఉంచుకోండి. చేను పూతమీద ఉన్నప్పుడు పురుగుమందు కొట్టకండి. తప్పనిసరైతే ఈగలు పోయినాక సాయంత్రం కొట్టండి. తేనె తీసేవారు తుట్టెను కాల్చకుండా, పైన ఒకపక్క తేనె ఉన్న భాగమే కోసి, పిల్లలున్న భాగం వదలాలి. విస్తరణాధికారులు ఈ మాట ఊరూరా చెప్పాలి.

దారిబత్తెం మొత్తం మనమే తింటే, వచ్చే ఏడు బాటసారి రాడు.