మీ నాయనకు కాగితం ఇచ్చిన రోజు

జరగండ్రా, మంటకాడికి ఇంకొంచెం జరగండి. రోజూ దేవరగట్టు కథే చెప్పమంటారు. ఈపొద్దు మీ నాయన కథ చెప్తా. అది 2009వ సంవత్సరం. అప్పుడు మీ నాయనకు పదహారేండ్లు. ఆదోనిలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు.

ఆ యేడు మన హొళగుంద పక్క వానకు మొగం వాచినాం. శెనక్కాయ ఊడ దిగకముందే చేను మాడిపాయె. సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టరు నల్లమలలో కూలిపోయింది. ఊరూరా ఏడుపే. నెలాఖరుకు దసరా వచ్చింది. దేవరగట్టులో బన్ని ఉత్సవం రాత్రి అందరం మాళ మల్లేశ్వరునికి వాన కోసమే మొక్కుకున్నాం. రెండు దినాలు తిరిగేసరికి మొదలైంది కుంభవృష్టి. పైన కర్ణాటకలోనూ అదే వాన. తుంగభద్ర, హంద్రి రెండూ పొంగి గాంధీ జయంతి నాటికి కర్నూలు మునిగింది. సుంకేసుల మీద నీళ్లు పొర్లినాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చిందంటే మేం నమ్మలేకపోయినాం. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి మఠంలోకే ఏరు వచ్చింది. జనం మేడలెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు.

నీళ్లు తీసినాక మీ నాయన ఇంటికొచ్చి, "నాయనా, కాలేజీలో ఎన్.ఎస్.ఎస్. పిల్లోళ్లమంతా మంత్రాలయం దిక్కు పోతాండాం" అన్నాడు. గాంధీ శతజయంతికని 1969లో దేశమంతటా కాలేజీ పిల్లోళ్ల కోసం పెట్టిన సేవా పథకం అది. మీ అవ్వ వద్దంటే వద్దనింది. "వానికి ఈత రాదు, ఏటి పక్కకు ఎట్ల పంపిస్తావు?" అని నా మీద లేసింది. అప్పుడు మా అవ్వ చెప్పిన 52 కరువు ముచ్చట మీ అవ్వకు గుర్తుచేసినా.

1952లో రాయలసీమ అంతా కరువు. మనం అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. గంజి కేంద్రాలు పెట్టి జనాన్ని బతికించినారు. మిలిటరీవాళ్లు వచ్చి బావులు తవ్వించినారు. ఎన్టీ రామారావు అంతటి నటుడు మన కరువు కోసం జోలె పట్టినాడు. మా అవ్వ ముంత పట్టుకుని గంజి కోసం వరుసలో నిలబడిందంట. కట్టెలు మోసేది, పొయ్యి మండించేది, ముసలోళ్లకు ముందు పోసేది మీసాలు రాని పిల్లోళ్లే అని చెప్పేది. "ఎవరి బిడ్డలో పోసిన గంజి తాగి బతికిన ఇంట్లోనుంచి ఒక పిల్లోడు పోతానంటే ఆపుతామా?" అన్నా.

ఇంగ మీ అవ్వ మారు మాట్లాడలేదు. ఆ రాత్రి పొయ్యి ముందర కూర్చుని జొన్నరొట్టెలు తట్టింది. పలుచగా తట్టి, పెళుసుబారేదాకా కాల్చి, పొయ్యి పక్కన నిలబెట్టి ఆరబెట్టింది. అట్ల చేస్తే వారమైనా చెడవు. మన వీధి ఆడోళ్లు తలా ఇన్ని తెచ్చి కలిపినారు. శెనక్కాయ పొడి దంచి మూట కట్టినారు. సంచి భుజానేసుకుని మీ నాయన బస్సెక్కినాడు.

ఆడ ఇండ్లలో మోకాళ్లకొచ్చే బురద. పారలతో ఎత్తిపోసినారు. తడిసిన బియ్యం, జొన్నలు మురిగి కంపు కొడుతుంటే గంపలకెత్తి ఊరి బయట పోసినారు. అంతకన్నా పెద్ద పని ఇంకోటుంది. నష్టం రాయించుకోవాలంటే కాగితాలు కావాల. ఒక ముసలామె రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం బురదలో ముద్దయిపోయినాయి. మీ నాయన వాటిని మెల్లగా నీళ్లలో కడిగి, ఒక్కో పుట విడదీసి, రాయి పైన ఎండకు ఆరేసి కాపలా కూర్చున్నాడు. నంబరు కనిపించినాక దరఖాస్తు రాసిచ్చినాడు. అది చూసి చదువు రానోళ్లంతా ఆయన చుట్టూ చేరినారు. ఉన్నన్నాళ్లు పగలు బురద ఎత్తడం, సందేళ దరఖాస్తులు రాయడం. అదీ ఆయన చేసిన సేవ.

జనవరి 26న కాలేజీలో జెండా ఎగరేసి మీ నాయన పేరు పిలిచినారు. శాలువా కప్పి ప్రశంసాపత్రం చేతికిచ్చినారు. నేను మూడో తరగతితో బడి మానేసినోణ్ని. ఆ కాలేజీ గడప తొక్కింది అదే మొదలు. వెనక వరుసలో నిలబడి చప్పట్లు కొడుతుంటే, పక్కనాయన "మీ వాడేనా?" అని అడిగినాడు. "మావాడే" అన్నా. ఆ మాట చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం ఎంత పంట పండినా కలగలేదు.

అప్పటికే సగం వీధి మిరపకాయ కోతలకని గుంటూరు దిక్కు వలస పోయింది. ఆ సంతోషానికి ఉన్నోళ్లందర్నీ ఇంటికి పిలిచినాం. మీ అవ్వ ఓళిగలు చేసింది. రొట్టెలిచ్చిన ఆడోళ్లందరి చేతికీ ఆ పత్రం ఇచ్చి చూపించినా. అందులో పేరు మీ నాయనదే ఉన్నా, మర్యాద వాళ్లందరిదీ.

ఒక మాట గట్టిగా చెప్తా, మీరూ వినండి, మిమ్మల్ని కన్నోళ్లూ వినాల. పిల్లోనికి మార్కులొస్తే ఊరంతా మిఠాయి పంచుతాం. సేవ చేసి కాగితం తెస్తే "దీంతో ఉద్యోగమొస్తుందా?" అని అడుగుతాం. అట్ల అడగొద్దు. ఆ పొద్దు కూడా మిఠాయి పంచండి, నలుగుర్ని పిలిచి అన్నం పెట్టండి. కన్నోళ్లు మెచ్చుకుంటేనే పిల్లోళ్లు ఇంకోసారి పార పట్టుకుంటారు.